మా వీధికి చూపు మందగించిన కాలం

మొన్న హిందూపురంలో ఒక పెద్ద అంగడికి పోయాను. సరుకులు మనమే అరల్లోంచి తీసి బుట్టలో వేసుకునే అంగడి. లోపల చల్లగా ఉంది. ఏ సరుకుకూ వాసన లేదు. ఒక అరలో బొరుగుల ప్యాకెట్టు కనిపించింది, మీద బరువు అచ్చువేసి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టి ఎత్తి చూశాను. వేళ్ళతో నొక్కి చూశాను. వెనకాల ఎవరో బండి తోసుకుంటూ వచ్చి "కొంచెం జరుగక్కా" అన్నారు. జరిగాను. జరిగిన అడుగు మాత్రం ఆ నున్నటి గచ్చు మీద పడినట్టు లేదు. పెనుకొండలో, కొండ కింద, మా పాత వీధి దుమ్ములో పడినట్టుంది.

ఆ వీధి చివర బొరుగుల బట్టీ ఉండేది. బట్టీ అంటే కార్ఖానా కాదు. రేకుల కొట్టం కింద ఒక మట్టి పొయ్యి, దాని మీద పెద్ద ఇనప బాండ్లి, అందులో నల్లటి ఇసుక. పొయ్యిలోకి శెనక్కాయ పొట్టు వేసేవాళ్ళు. ఆ పొట్టు పొగ పొద్దున్నే కొండ వైపు లేచి, పైనున్న కోటగోడ దాకా పోలేక సగంలో ఆగి, పలచటి దుప్పటిలా పరుచుకునేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వీధి మొత్తం ఆ దుప్పటి కింద నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది నాకు. మనుషులు నడుస్తుంటారు, మాట్లాడుతుంటారు, కానీ అందరి అంచులూ కొంచెం కరిగి ఉంటాయి.

బట్టీ నడిపే ఆయన్ని మామ అనేదాన్ని, ఆమెను అత్త అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. మామ బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, దోరగా వేడిచేసి, కాగే ఇసుకలో వేసేవాడు. ఒక ఊపిరి తీసుకునేంతలో గింజలన్నీ ఒక్కసారిగా తెల్లగా లేచేవి. రేకుల మీద వాన మొదలైనట్టు చప్పుడు. వెంటనే జల్లెడలోకి ఎత్తేవాడు. ఇసుక కిందికి జారేది, మల్లెమొగ్గల్లాంటి బొరుగులు పైన మిగిలేవి. ఇంకో క్షణం ఆలస్యమైతే మాడతాయి, ఒక క్షణం ముందైతే గట్టిగానే ఉండిపోతాయి. ఆ క్షణం ఎప్పుడో మామ చేతికే తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన బొరుగులంత పెద్దగా ఉబ్బేవి లేవనేవాళ్ళు.

అత్త అమ్మేది తూకానికి కాదు, శేరుతో కొలిచి. అంచు అరిగి మెరిసే ఇత్తడి శేరు. రాశిలో ముంచి, పైన గోపురంలా నిలిచేదాకా రెండో చేత్తో పోసి, అది జారిపోకముందే మన సంచిలోకి వంచేది. చివర ఒక దోసెడు కొసరు. అత్త కొసరు వేయకుండా ఎవర్నీ పంపింది లేదు. కొసరు చాలలేదని తగాదా పెట్టుకోకుండా మా అవ్వ తిరిగి వచ్చిందీ లేదు.

"ఇది కొసరా? పిచ్చుకలకు చల్లినట్టుండాది."

"పెద్దమ్మా, నీకేసే కొసరుతో ఇంకో సంసారం నడుస్తాది."

"నడపమను. నాకేమి, వేయ్."

మా ఇంట్లో పొద్దున ఉగ్గాని. నానబెట్టి పిండిన బొరుగుల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాలింపు, పైన పుట్నాల పొడి. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే ఆ రోజు ఎవరో చుట్టాలొచ్చినట్టు లెక్క. సాయంత్రం ఒట్టి బొరుగుల్లో కొబ్బరి ముక్క. అమ్మవారి జాతరప్పుడు బెల్లం పాకం పట్టి ఉండలు. బొరుగులు లేని రోజు నాకు గుర్తు లేదు.

బట్టీ వాళ్ళమ్మాయి నా జతగత్తె. మేమిద్దరం శెనక్కాయ పొట్టు కుప్ప ఎక్కి జారేవాళ్ళం. ఒళ్ళంతా దురద. అవ్వ చీపురు తీసుకునేది. ఒకసారి మామ అటు తిరిగిన సమయంలో ఇసుకలో గుప్పెడు చింతగింజలు పోశాం, వేగితే తిందామని. అవి టపటపా పేలి ఇసుక ఎగిరింది. మామ ఎగిరి అవతల పడ్డాడు.

"ఎవరే ఈడ టపాసులు పెట్టింది!"

"మేం కాదు మామా, బియ్యంలోనే వచ్చినాయేమో."

"బియ్యం బస్తాలో చింతచెట్టు మొలిచిందేమి మే?" అని మా ఇద్దరి జుట్టులూ పట్టుకుని మెల్లగా ఢీకొట్టాడు. నొప్పి లేదు. ఆయన అరచేతుల వేడి మాత్రం చెవుల దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

అట్లా ఉండగా వీధి మొదట్లో అంగడాయన ప్లాస్టిక్ ప్యాకెట్లలో బొరుగులు తెచ్చి వేలాడదీశాడు. ఎక్కడి నుంచో లారీలో వచ్చేవి. కిలో ప్యాకెట్టు, అరకిలో ప్యాకెట్టు. మూతి అతికించి ఉండేది. అవి చిన్నవి, సరిగా ఉబ్బనివి. కానీ వానాకాలంలో మెత్తబడవు, పప్పుతోపాటు ఒకే చోట కొనుక్కుని రావచ్చు. ఒకరిద్దరు కొన్నారు, తర్వాత ఇంకొందరు. అంగడాయన చెడ్డవాడు కాదు. పండగకు పిల్లలందరికీ బెల్లంముక్క పెట్టేవాడు. కానీ అమ్ముకునేవాడు గనక ఒక మాట వదిలాడు: "శేరు కొలతను నమ్మేదెట్లా? లోపల వేళ్ళు పెట్టి కొలిచినా ఎవరికి తెలుస్తాది? తూకమైతే తూకమే."

ఆ మాట బోరింగు దగ్గర బిందెలు నిండేలోపల వీధంతా తిరిగి మామ చెవిన పడింది. నష్టమైతే ఆయన ఓర్చుకునేవాడేమో. మోసం అనే మాటను ఓర్చుకోలేదు. మర్నాడే బస్సెక్కి హిందూపురం పోయి కొత్త తక్కెడ, తూకపు రాళ్ళు తెచ్చాడు. శేరును అటక మీదికి విసిరేశాడు. అంగట్లో కిలో ఎంతో ఈయనా అంతకే పెట్టాడు.

"ఇంక ఎవరబ్బా మాట అనేది?" అన్నాడు. తక్కెడ ముల్లు నిటారుగా నిలబడితే ఆయన మెడ కూడా అట్లే నిలబడేది.

జనం తిరిగి వచ్చారు. మునుపటికంటే ఎక్కువ వచ్చారు. అంగట్లో కిలో కొంటే చంకలో పట్టే ప్యాకెట్టు, బట్టీలో కిలో కొంటే సంచి పొర్లిపోయేది. బయటి వీధుల వాళ్ళు కూడా దిండు గలీబులు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు. బట్టీ ముందు ఎప్పుడూ గుంపు. నేను వరసలో నిలబడి అత్త ముఖం చూసేదాన్ని. ఇంత గిరాకీ ఉన్నా ఆమె ముఖం రోజురోజుకూ పీక్కుపోతోంది. కొసరు లేదు. ముల్లు మధ్యకు రాగానే ఆమె చెయ్యి ఆగిపోయేది.

ఒక సాయంత్రం పొట్టు కుప్ప మీద కూర్చుని ఉండగా నా జతగత్తె చెప్పింది.

"మేము బెంగుళూరికి పోతాండాం మే."

"చుట్టాలింటికా?"

"కాదు. కట్టడం పనికి. మేస్త్రీ వచ్చి మా నాయనతో మాట్లాడి పోయినాడు. శివరాత్రి అయినాక లారీ వస్తాది."

"బట్టీ?"

"బియ్యం తెచ్చిన దుడ్లు కూడా తిరిగి రావడం లేదంట. మాయమ్మ ఏడుస్తాంది. శేరు దించుదామంటే మా నాయన వినడు. మోసగాడన్నారు గదా, సచ్చినా దాన్ని ముట్టను అంటాడు."

ఆమె కాళ్ళతో పొట్టును తోస్తోంది. లారీ మీద ఆమె ఎట్లా కూర్చుంటుందో, ఏ వైపు తిరిగి కూర్చుంటుందో ఊహించుకుంటూ ఇంటికి వచ్చాను. అంత గిరాకీ ఉన్న బట్టీ ఎందుకు మూతపడాలో అర్థం కాలేదు.

నాకు లెక్క బళ్ళో వచ్చింది కాదు. బళ్ళో పలక మీద అంకెలు అంకెల్లాగే ఉండేవి. లెక్క నాకు ఇంట్లో గిన్నెల్లోంచి, చేటల్లోంచి వచ్చింది. ఏది దేంట్లో పడుతుంది, ఏది పొర్లిపోతుంది అని చూసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ రాత్రి భోజనాలకు ముందు, ఆ రోజు తూకానికి తెచ్చిన కిలో బొరుగుల్ని మా ఇంట్లో శేరుతో కొలిచాను. ఒకసారి కొలిచి నమ్మక, మళ్ళీ కొలిచాను. మునుపు అదే దుడ్డుకు అత్త శేరుతో కొలిచి ఇచ్చినదానికంటే రెండు శేర్లు ఎక్కువ ఉన్నాయి.

"అవ్వా! మనకు రెండు శేర్లు లాభం!" అని అరిచాను.

అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపింది.

"మళ్ళీ చెప్పు."

చెప్పాను, జతగత్తె చెప్పిన బెంగుళూరు మాట కూడా. అవ్వ చేట పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి, బొరుగులు ఒక పిడికిలి తీసుకుని, తెరిచి చూసింది.

"ఈ బొరుగులో ఏముండాది చెప్పు."

"బియ్యం."

"ఇంకా?"

"గాలి."

"ఆ గాలి నింపడమేనే ఆయన పని. శేరుకు అమ్మితే ఎంత ఉబ్బితే అంత ఆయనకు. తూకానికి అమ్మితే గాలికి బరువేది? ఉబ్బినా ఉబ్బకపోయినా ఒకటే దుడ్డు. అంగట్లో ఉండేవి రాళ్ళు, ఈయనవి పూలు. రాళ్ళూ పూలూ ఒకే తక్కెడలో వేసి ఒకే ధర పెట్టుకున్నాడు పిచ్చినాయాలు." పిడికిలి మూసి అంది: "గుంపులు గుంపులుగా పోయి మనమే తినేస్తాండాం వాళ్ళను."

"ధర పెంచితే?"

"అంగట్లో కన్నా ఎక్కువ చెప్తే ఒక్కరు పోతారా? నువ్వు పోతావా, నేను పంపిస్తానా?"

అవ్వ పిడికిట్లోవి శేరులోకి వదిలి, మళ్ళీ చేట ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున అవ్వ నా తలలో పేలు చూసి, ఒక్కటీ వదలకుండా గోళ్ళ మధ్య చిదిమి, సంచి తీసుకుని నన్ను వెంటబెట్టుకుని బట్టీకి పోయింది. గుంపు ఉంది. అవ్వ గుంపును తోసుకుంటూ ముందుకు పోయి నిలబడింది.

"ఏమప్పా, తక్కెడ మెరుస్తాండాదే."

"హిందూపురం సరుకు పెద్దమ్మా. ఎన్ని కిలోలు?"

"కిలో గిలో నాకొద్దు. దాని ముల్లు నాకు కనపడ్డం లేదు. కండ్లకు మసకొచ్చింది."

మామ అవ్వను ఎగాదిగా చూశాడు. "మొన్న మా ఇంట్లో కూర్చుని సూదిలో దారం ఎక్కించినావు గదా?"

"అది మొన్న."

"నేను చూసి చెప్తా లే, ముల్లు మధ్యలో ఉండాదా లేదా."

"నువ్వు చెప్తావు. నమ్మాల్సింది నేను. గుడ్డి ముసలిదానికి తూకం తగ్గించినాడని రేపు ఎవరన్నా అంటే? నాకేమి, పేరు పోయేది నీది. ఆ శేరు దించు. చెయ్యి పెట్టి తడుముకుని చూసుకుంటా, నాకూ తృప్తి, నీకూ మాట రాదు."

గుంపులో ఎవరో నవ్వారు. మామ ముఖం ఎర్రబడింది. పొయ్యి వేడి వల్ల కాదు. "జాలి చూపిస్తాండావా పెద్దమ్మా?"

"జాలా! నువ్వు కొసరు మరిచిపోయి ఎన్ని రోజులైంది? తక్కెడ వచ్చినప్పటినించి నాకు రావల్సిన కొసరు యాడికి పోయింది? జాలి నువ్వు నా మీద చూపించు."

మామ కదల్లేదు. అత్త మాత్రం నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. దుమ్ము పట్టిన శేరును కొంగుతో తుడుస్తూ దిగింది. తుడవడం అవసరమైనదానికంటే ఎక్కువసేపు తుడిచింది. తర్వాత రాశిలో ముంచి గోపురం నిలబెట్టింది. అవ్వ కళ్ళు మూసుకుని, రెండు చేతులతో ఆ గోపురాన్ని దేవుడి తలను తాకినట్టు తాకింది.

"ఇప్పుడు కొసరు," అంది కళ్ళు తెరవకుండానే.

ఆ పొద్దే బోరింగు దగ్గర అవ్వ వీధిలో ఆడవాళ్ళకు చెప్పింది. ఉపన్యాసం ఏమీ లేదు. బిందె కింద పెట్టి, "తూకానికి కొంటే మనకు మూట పెద్దది. వాళ్ళకు బెంగుళూరు," అంది. మళ్ళీ బిందె ఎత్తుకుంది.

మర్నాటినుంచి మా వీధిలో మసక అంటుకుంది. ముందు ముసలివాళ్ళకు. తర్వాత అవ్వ ఈడు వాళ్ళ కోడళ్ళకు. "నాకూ ముల్లు రెండుగా కనపడతాండాదన్నా." "నాకు పొగకు కండ్లు మండుతాండాయి, శేరే పెట్టు." బడి కట్టడానికి వచ్చిన తాపీమేస్త్రీ, తూకంగుండు వేలాడదీసి గోడ నిలువు చూసే మనిషి, తనకూ చూపు ఆనడం లేదన్నాడు. మామ ఒకరోజు తట్టుకోలేక, "ఈ వీధికేమన్నా దిష్టి తగిలిందా? అందరూ పోయి కంటి డాక్టరుకు చూపించుకోండి!" అని అరిచాడు. అరుస్తూనే జల్లెడ ఊపాడు. చెయ్యి మాత్రం క్షణం కూడా తప్పలేదు.

అందరూ అట్లా చేశారని చెప్పను. మా పక్కింటి కొత్త కోడలు "నా కండ్లు బాగానే ఉండాయి, నాకు తూకమే" అని కచ్చితంగా కొనుక్కుపోయేది. దిండు గలీబుల వాళ్ళు తూకానికే వచ్చేవాళ్ళు, తర్వాత తగ్గిపోయారు. తక్కెడ పక్కనే శేరు, శేరు పక్కనే తక్కెడ. ఎవరికి ఏది కనపడితే అది.

ఒకరోజు అంగడాయన మా గడప దగ్గర ఆగాడు. చింతపండు లెక్క ఏదో చెప్పి, చివరికి అసలు మాటకు వచ్చాడు.

"ఏమ్మా, మా ప్యాకెట్టు మీద తూకం అచ్చేసి ఉండాది. ముల్లుతో పనేముండాది? పిల్ల చదివి చెప్పదా?"

అవ్వ అతనికి మజ్జిగ ఇచ్చింది. అతను తాగేదాకా ఆగింది.

"ఉప్పు నీ దగ్గరే కొంటాండాను. పప్పు, నూనె, సోపు, అన్నీ నీ దగ్గరే గదప్పా. రేపు కూడా నీ దగ్గరే. నీకు అంగడి నిండా ఉండాయి. వాళ్ళకు ఆ బాండ్లి ఒకటే."

అతను గ్లాసు బోర్లించి గడప మీద పెట్టాడు. "నా మాట వల్లే అయిందంటావా?"

"మాట నువ్వన్నావు. మోసింది మేము. నీ ఒక్కడిదే ఎట్లయితాది?"

అంగట్లో ప్యాకెట్లు ఆ తర్వాత కూడా వేలాడాయి. అతను మాత్రం మళ్ళీ శేరు గురించి నోరెత్తలేదు.

నాకూ నా జతగత్తెకూ ఆ రోజుల్లో ఇవన్నీ బట్టీ నిలవడానికి సరిపోతాయో సరిపోవో తెలియదు. ఆమె ఇంట్లో మాటలు చెవినేసుకుని వచ్చి చెప్పేది. "నిన్న మాయమ్మ బియ్యం బస్తాకు చెప్పి పంపింది." మర్నాడు: "మేస్త్రీ మళ్ళీ వచ్చినాడు. నాయన అవునన్లేదు, కాదన్లేదు." మేము పొట్టు కుప్ప మీద కూర్చునే మాట్లాడుకునేవాళ్ళం, జారడం మరిచిపోయి. దూరంగా రైలు పోతుంటే అది ధర్మవరం వైపో బెంగుళూరు వైపో పందెం వేసేవాళ్ళం. బెంగుళూరు వైపు అయితే ఇద్దరం ఓడిపోయినట్టు.

శివరాత్రి వచ్చింది, పోయింది. లారీ వచ్చే రోజు ఎవరూ చెప్పకుండానే వీధికి తెలిసింది. ఉక్కపోత అప్పుడే మొదలై మేము మిద్దె మీద పడుకుంటున్నాం. తెల్లవారుతుండగా రోడ్డు మీద హారన్ మోగింది. నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే చూడాల్సి వస్తుంది. హారన్ మళ్ళీ మోగింది, పొడుగ్గా. ఎవరో ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నారు. చంటిపిల్ల ఏడుపు, సత్తుగిన్నెల చప్పుడు, లారీ వెనక గొలుసు వేసిన చప్పుడు. తర్వాత ఇంజను శబ్దం కదిలి, కొండకు తగిలి రెండుగా వినిపించి, చిన్నదై, ఇంకా చిన్నదై, గాలిలో కలిసిపోయింది.

పక్కన అవ్వ పడక ఖాళీగా ఉంది. పిట్టగోడ దగ్గర నిలబడి వీధి చివరికి చూస్తోంది.

"అవ్వా, పోయినారా?"

"ఏమోనే. నాకు కండ్లు కనపడవు గదా."

ఆమె గొంతులో నవ్వు ఉంది. ఒక్క దూకు దూకి పిట్టగోడ దగ్గరికి పోయాను. వీధి చివర, తెల్లటి వెలుతురులో, మామ వంగి బాండ్లిలోకి కొత్త ఇసుక పోస్తున్నాడు. అత్త నీళ్ళు చల్లుతోంది. నా జతగత్తె జుట్టు విరబోసుకుని, కళ్ళు నులుముకుంటూ, నిద్రలేచిన మనిషి ఎట్లా ఉంటుందో అట్లాగే గడపలో నిలబడి ఉంది. ఆ రోజు ప్రపంచంలో అంతకంటే మామూలు విషయం ఇంకేదీ లేదన్నట్టుగా నిలబడి ఉంది.

ఆ బట్టీ మేము పెద్దవాళ్ళమయ్యేదాకా నడిచింది. మామ చేతులు వణకడం మొదలై, ఆ క్షణం దొరకడం మానేశాక ఆగింది. కొనేవాళ్ళు లేక కాదు. నా జతగత్తె ధర్మవరంలో పట్టు నేసే ఇంటికి కోడలుగా పోయింది. కోరుకున్న ఇంటికి పోయింది, పెనుకొండ నుంచే పోయింది. ఎర్రమంచి వైపు కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వీధి వెడల్పయింది. కొట్టం ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు ఉంది.

నేను లెక్కలతో బతికే మనిషిని. ఆ కాలానికి మా వీధికి ఎంత ఖర్చయిందని అప్పుడప్పుడు లెక్క వేసుకుంటాను. కిలోకు ఇంటింటికీ రెండు శేర్ల బొరుగులు తగ్గాయి. చూడడానికి పెద్ద రాశి. ఉగ్గానికి నానబెట్టి, నీళ్ళు పిండితే, రెండు పిడికిళ్ళు.